రొట్టెల కొట్టు గోడ

పదకొండింటికి రమ్మన్నారు. ఇంకా పదే అయింది. తొమ్మిదిన్నరకే వచ్చి మేయరు ఆఫీసు ఎదుటి రాతి అరుగు మీద కూర్చున్న సబతీనో లేచి నిలబడ్డాడు, నిలబడి ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు, చలికి మోకాళ్ళు పట్టేశాయి, డెబ్భై రెండేళ్ళ మోకాళ్ళు, అందులో నలభై ఏళ్ళు పరంజాలెక్కి దిగినవి, వాటికి ఊరికే కూర్చోవడం చేతకాదు. నిన్న సాయంత్రం గుమాస్తా ఆగ్నెల్లో ఇంటికొచ్చి, “మేస్త్రీ, రేపు పదకొండింటికి ఇంజనీరమ్మ నీతో మాట్లాడుతుందట, ఊళ్ళో పాత గోడలన్నీ నీ చేతిమీదుగా పోయినవే కదా, ఏది ఎప్పుడు కట్టావో, దేనికి ఎప్పుడు మరమ్మతు చేశావో నీకు తప్ప ఎవరికి తెలుసు” అన్నాడు. మామూలుగానే అన్నాడు. సబతీనో మాత్రం, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడిలా, “నాకేం గుర్తుంటాయి, అన్నీ మరిచిపోయాను” అని అడగని దానికి జవాబు చెప్పి, పొయ్యి దగ్గరున్న ఎర్సీలియా తల తిప్పి చూసేలా చేసుకున్నాడు. నలభై ఆరేళ్ళ కాపురంలో భార్య చూపు ముందు తను దాచగలిగినది ఒకే ఒక్కటి. దాన్ని కూడా ఆమె చూసేసిందా నిన్న? లేదు, చూసి ఉంటే రాత్రి భోజనంలో చిక్కుళ్ళ పులుసు వడ్డించేది కాదు, గిన్నె నెత్తిన బోర్లించేది. పంతొమ్మిది రోజులు కురిసింది వాన. ఇరవయ్యో రోజు పొద్దున కొండ పడమటి వాలు మూడు వరసల ఆలివ్ చెట్లతో, శ్మశానం ప్రహరీతో సహా లోయలోకి జారిపోయింది, పెద్ద చప్పుడు కూడా కాలేదు, కుక్కలు మాత్రం మొరిగాయి. ఊరి పేరు మోంతెసోర్దో, అంటే చెవిటికొండ. ఎంత మొత్తుకున్నా వినిపించుకోని కొండ మీద కాపురం పెట్టాం అని పెద్దవాళ్ళు పరాచికాలాడేవాళ్ళు, ఇప్పుడెవరూ ఆడటం లేదు. నాలుగు రోజులుగా ఇంజనీర్లు ఇల్లిల్లూ తిరుగుతున్నారు, ఎర్ర చీటీ అంటిస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలి, పసుపుదైతే ఒక కన్నేసి ఉంచాలి, పచ్చదైతే భయం లేదు. కంటికి కనిపించేదాన్ని బట్టి వాళ్ళు చీటీ అంటిస్తారు. కనిపించనిదాన్ని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో ఒకరు ఈ అరుగు మీద కూర్చుని చేతిగోళ్ళ సందుల్లో లేని సున్నాన్ని గీరుకుంటున్నాడు.

“ఏం మేస్త్రీ, ఇవాళ రొట్టెకి వెళ్ళలేదా?” చేతికర్ర పక్కన ఆనించి ఎలీజియో వచ్చి కూర్చున్నాడు, గొర్రెలన్నీ అమ్మేసి పదేళ్ళయినా ఒంటి నుంచి మంద వాసన పోని మనిషి. “వెళ్ళాను” అన్నాడు సబతీనో. “ఎలా ఉంది?” “రొట్టె రొట్టెలాగే ఉంది.” “నేనడిగింది రొట్టె సంగతి కాదులే” అని ఎలీజియో బోసినోటితో నవ్వాడు. ఇరవై ఏళ్ళ పాత వేళాకోళం ఇది, ఊరంతా నమిలి నమిలి పిప్పి చేసినా ఇంకా రసం ఉన్నట్టే ఉంటుంది వాళ్ళకి. రోజూ పొద్దున ఏడింటికి సబతీనో కింది వరస చివర ఉన్న యోలాందా రొట్టెల కొట్టుకి వెళ్తాడు. రొట్టె రెండు రోజులకి ఒకటి చాలు, ఇంట్లో ఉన్నది ఇద్దరే, అయినా రోజూ వెళ్తాడు, జ్వరమొచ్చినా వెళ్తాడు, కొట్టులోకి అడుగుపెట్టి రొట్టె అడిగి, ఆమె కాగితంలో చుట్టేలోపల ఆమె భుజం మీదుగా అవతలికి చూస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళకే మొగుడు పోయి, పొయ్యి ఆరనివ్వకుండా ఊరికి రొట్టె పెట్టిన మనిషి ఆమె, పిండి అంటిన మోచేతులు, తలకి తెల్లగుడ్డ, నవ్వితే గదంతా వినిపించేది. అలాంటి మనిషి భుజం మీదుగా ఒక మగవాడు రోజూ ఏం చూస్తాడు? ఊరు తనకి తెలిసిన జవాబే ఇచ్చుకుంది. మేస్త్రీ అక్కడ మరమ్మతులకి కూలి పుచ్చుకోడట, ఒక రొట్టె పెడితే చాలట, ఆమెకి గోడ పొడుగునా రొట్టెల బీరువా కూడా చేసి బిగించాడట. అన్నీ నిజాలే. అన్నీ కలిపితే అబద్ధం. ఎర్సీలియా ఒకే ఒక్కసారి అడిగింది, ఉతికిన దుప్పటి చెరో కొస పట్టుకుని పిండుతున్నప్పుడు, “ఆవిడంటే నీకిష్టమా?” అని, చిన్నగా, వాతావరణం గురించి అడిగినట్టు. అప్పుడు నోరు తెరిచి ఉండాల్సింది. తెరిస్తే బయటికొచ్చేది ఎర్సీలియా సొంత అన్నయ్య పేరు. కాదు అని తలూపాడు. ఆ ఊపులో ఏం కనిపించిందో, ఎర్సీలియా దుప్పటి ఇంకో మెలిక తిప్పి నీళ్ళన్నీ కారిపోయేదాకా పిండింది. ఆ తర్వాత పదిహేనేళ్ళుగా ఆ కొట్టు గుమ్మం తొక్కలేదు, యోలాందాతో మాట్లాడలేదు, ఆదివారం ప్రార్థనకి వెళ్ళినా ఆమె కుడివైపు కూర్చుంటే తను ఎడమవైపు. సబతీనో ఆ అనుమానాన్ని అలాగే ఉండనిచ్చాడు. దాంతో బతకడం తేలిక. ఎంత సిగ్గుమాలిన తేలిక.

లేచి చావడి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. పది గంటల ఇరవై. చర్చి గోపురానికి ఆసరాగా కూలీలు దుంగలు బిగిస్తున్నారు, సుత్తి దెబ్బలు రాతికి తగిలి వెనక్కొస్తున్నాయి, ఒక దెబ్బ గట్టిది, ఒక దెబ్బ బోలుది, చెవికి ఆ తేడా తెలియకపోతే ఎంత బాగుండేది. తన నాన్న నుంచి వచ్చిన చెవి అది. నాన్న బెల్జియం బొగ్గుగనుల్లో పదకొండేళ్ళు చేసి దగ్గుతో తిరిగొచ్చాడు, పొయ్యి దగ్గర కూర్చుని చెప్పేవాడు, “కింద ఉన్నప్పుడు గని కప్పు మోసే దుంగ కిర్రుమంటుందిరా, విన్నవాడు కేకెయ్యాలి, అది నాకు వినపడలేదులే అనుకునేవాడు తనొక్కడే చావడు” అని. చెప్పి దగ్గేవాడు, దగ్గి ఉమ్మేవాడు, బూడిదలో ఆ నలుపు. సబతీనో విన్నాడు. ఇరవై రెండేళ్ళ కింద, ఒక మార్చి నెలలో, యోలాందా పిలిస్తే వెళ్ళి కొట్టు వెనకగోడ మీద వెంట్రుకంత బీట చూశాడు, నేల నుంచి పైకప్పు దాకా వాలుగా పాకిన బీట, వేలితో తడిమితే చల్లగా తగిలింది. అది ఒక్క కొట్టు గోడ కాదు, పాత కోటగోడ, కింది వరసలో పదకొండిళ్ళకీ అదే వెన్నెముక, అది పోతే అన్నీ పోతాయి. బీట మీద అడ్డంగా సన్నటి గాజుపట్టీ పెట్టి రెండు కొసలా సున్నంతో అతికాడు, పక్కనే సున్నం మీద పెన్సిలుతో తేదీ రాశాడు, గోడ కదలకపోతే గాజు ఉంటుంది, కదిలితే విరుగుతుంది, మేస్త్రీలందరూ చేసే పనే. పదకొండో రోజుకి విరిగింది. లీవియో దగ్గరికి పరుగెత్తాడు. లీవియో అప్పుడు మేయరు, ఎర్సీలియాకి అన్న, తనకి బావ, అంతకు ముందు ఒకే బల్ల మీద చదువుకున్న నేస్తం.

లీవియో వచ్చి గాజు చూశాడు. యోలాందా అవతల పిండి జల్లిస్తోంది. “బావా, ఇది బయటికి పొక్కితే ఏమవుతుందో తెలుసా?” అన్నాడు గొంతు తగ్గించి, “ముందు ఈ పదకొండిళ్ళూ మూయిస్తారు, తర్వాత బడి, తర్వాత పోస్టాఫీసు, ఆ తర్వాత ఊరంతా లోయలోకి. పియెత్రవల్లె వాళ్ళ గతి చూశావుగా.” చూశాడు. అవతలి కొండ మీది ఊరు అది, దాన్ని ఖాళీ చేయించి రైలుస్టేషను పక్కన అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళిచ్చారు, మొదటి చలికాలంలోనే ముసలివాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు, రోగమంటూ ఏమీ లేదు, కిటికీ తెరిస్తే కొండ కనపడేది, అదే రోగం. “గోడ కదులుతోంది బావా” అన్నాడు సబతీనో. “ఈ కొండ మీద కదలనిది ఏముంది? మా తాత పుట్టక ముందు నుంచీ కదులుతోంది. నువ్వు పూసెయ్. వచ్చే ఏడు ఏదో ఒకటి చేసి సరిగ్గా కట్టిద్దాం. నామీద నమ్మకం లేదా?” నమ్మకం ఉంది. అదే వచ్చిన చిక్కు. లీవియో మోసగాడైతే ఎదురు తిరిగేవాడే, లీవియో ఊరి కోసం ప్రాణం పెట్టే మనిషి, దేహీ అని ఎవరి గుమ్మమూ ఎక్కనివాడు బస్సు రద్దు కాకుండా ఉండడానికి ఎన్ని గుమ్మాలెక్కాడో. పూసేశాడు సబతీనో. గాజు తీసేద్దామని తాపీ మొన ఆనించాడు గాని చెయ్యి రాలేదు, దాని మీదుగానే పూసేశాడు. వచ్చే ఏడు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. బీట మాత్రం ఏడాదికోసారి పూత మీద సన్నగా తేలేది, ఎవరి కంటా పడకముందే వెళ్ళి మూసేవాడు, జాలీ వేసి మూశాడు, జనపనార కలిపి మూశాడు, చివరికి దానికి అడ్డంగా బీరువా బిగించాడు. రోజూ పొద్దున ఏడింటికి భుజం మీదుగా చూసేది దాన్నే. ఆరేళ్ళ కింద ఆసుపత్రి మంచం మీద, మనుషుల పేర్లు కూడా మరిచిపోతున్న దశలో, లీవియో అతని చెయ్యి పట్టుకుని, “బావా, గోడ ఎలా ఉంది?” అని అడిగాడు. “బాగుంది” అన్నాడు తను. చావబోయేవాడికి చెప్పిన ఆ మాటే ఈ నాలుగు రోజులుగా పదే పదే వినిపిస్తోంది. లీవియో పేరు చెక్కిన రాతిపలక ఇప్పుడు బడి ముఖద్వారం పక్కన ఉంది. ఎర్సీలియా ప్రతి మంగళవారం దాన్ని తడిగుడ్డతో తుడుస్తుంది. ఆ రాతిపలకని గోడకి అతికింది కూడా సబతీనోనే.

ఇంకో పదిహేను నిమిషాలు. ఏమీ గుర్తులేదని చెప్పేద్దాం. డెబ్భై రెండేళ్ళవాడికి గుర్తులేకపోతే ఎవరు తప్పు పడతారు? చెప్తే, బతికున్నది నేనొక్కణ్ణే కదా, తిట్లన్నీ నాకు, మచ్చ మాత్రం లీవియోకి, ఎర్సీలియా మంగళవారాలకి. చెప్పకపోతే, యోలాందా ఉంది, పక్కింట్లో కవల పిల్లలున్నారు, ఆ పైన కాళ్ళు పడిపోయిన పోస్టుమాస్టరు ఉన్నాడు. వాన మళ్ళీ వస్తే. రాకపోతే. ఇరవై రెండేళ్ళు నిలబడిందిగా, ఇంకో ఇరవై రెండేళ్ళు నిలబడుతుంది, అప్పటికి నేనుండను. ఇలా అనుకున్నవాళ్ళని నాన్న ఏమనేవాడో.

ఆఫీసు తలుపు తెరుచుకుంది. ఆగ్నెల్లో జాబితా కాగితం తెచ్చి తలుపుకి అంటించాడు, జనం ఒక్కసారిగా ముసురుకున్నారు, ఎవరో ఏడ్చారు, ఎవరో ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. “కింది వరస మొత్తం పచ్చ” అని ఎలీజియో వెనక్కి తిరిగి అరిచాడు. ఇంజనీరమ్మ మెట్ల మీదికొచ్చింది, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, మోకాళ్ళ దాకా బురద, నాలుగు రోజుల నిద్రలేమి కళ్ళ కింద. ఆగ్నెల్లో చూపిస్తే సబతీనో దగ్గరికొచ్చింది. “మీరేనా సబతీనో గారు? రొట్టెల కొట్టు వెనకగోడ పని మీదేనటగా. అంత పాత గోడని అంత శుభ్రంగా నిలబెట్టినవాణ్ణి నేనీ చుట్టుపక్కల చూడలేదు. ఎక్కడా ఒక్క గీత లేదు” అంది. సబతీనో నోరు తెరిచాడు. “ఇక మిమ్మల్ని అడగాల్సింది ఏమీ లేదు, ఇంటికి వెళ్ళండి, చలిగా ఉంది” అని అతని భుజం తట్టి, తనకోసం అరుస్తున్న ఇంకెవరి వైపో వెళ్ళిపోయింది. అంతే. అడగరట. అబద్ధం చెప్పే అవసరం కూడా లేకుండా పోయింది. ఎవరో దిగువనుంచి వస్తున్నారు, యోలాందా, రెండు చేతుల మీదా పళ్ళెం, పంది కొవ్వు ముక్కలు వేసి కాల్చిన వేడి రొట్టె, “ముందు మేస్త్రీకి” అంటోంది, “నా గోడ నిలబడిందంటే ఈయన వల్లే, మీరంతా కూసిన కూతలకి ఇవాళైనా నోళ్ళు మూసుకోండి.” జనం నవ్వారు. నీళ్ళపంపు దగ్గర చేతిసంచీతో నిలబడ్డ ఎర్సీలియా నవ్వలేదు. ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగుడు పడలేదు, అటు తిరిగి చేతిలోకి ఉమ్మేశాడు.

కాళ్ళు ఎటు తీసుకెళ్తున్నాయో ముందు కాళ్ళకే తెలిసింది. గోపురం కింద కూలీల దగ్గర ఆగి, నేల మీదున్న సుత్తీ ఉలీ తీసుకున్నాడు. “ఏం ముసలాయనా, పనిలోకొస్తావా ఏంటి?” అన్నాడొకడు. “వస్తున్నా” అన్నాడు. మెట్లు దిగాడు, నూటా నాలుగు మెట్లు, ప్రతి మెట్టూ తనో తన తండ్రో మార్చిన రాయి, దిగుతుంటే మోకాళ్ళ నొప్పి తెలియలేదు, వెనక ఎవరో పిలుస్తున్నారు, పిలవనీ. కొట్టులో ఎవరూ లేరు. బీరువాలోంచి రొట్టెలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు, ఎందుకంత నెమ్మదిగా పెట్టాడో తనకే తెలియదు. మరలు విప్పి బీరువాని పక్కకి లాగేసరికి యోలాందా పరుగెత్తుకొచ్చింది, “మేస్త్రీ, ఏం చేస్తున్నావ్, నీకేమైనా పిచ్చెక్కిందా?” అంది, వెనకాలే ఎలీజియో, ఆగ్నెల్లో, వాకిలి నిండా జనం. వాళ్ళని తోసుకుని ఎర్సీలియా. సబతీనో ఎవరి వంకా చూడలేదు. ఉలి ఆనించి కొట్టాడు. బోలు శబ్దం. ఇంకో దెబ్బ. ఇరవై రెండేళ్ళ తన చేతిపని పెచ్చులు పెచ్చులుగా ఊడి కాళ్ళ మీద పడింది, పూత కింద పూత, నార, జాలీ, మళ్ళీ పూత, ఎంత శ్రద్ధగా చేశాడు, దొంగపనికి అంత శ్రద్ధ ఎక్కడిది. నాలుగో పొర కింద గాజు బయటపడింది, రెండు ముక్కలు, అవి కలవాల్సిన చోట నాలుగు వేళ్ళ ఎడం. ఆ ఎడంలోంచి గాలి వచ్చింది. కొండ లోపలి గాలి, తడి మట్టి వాసనతో, చల్లగా, ఆగకుండా. బల్ల మీది పిండి లేచి గదంతా పొగలా కమ్ముకుంది.

ఇంజనీరమ్మ జనాన్ని చీల్చుకుని వచ్చి, చేతిలైటు బీటలోకి వేసి చూసింది, తర్వాత చెయ్యి పెట్టింది, మణికట్టు దాకా వెళ్ళింది. గాజు పక్కన రాసిన తేదీని పైకి చదివింది. “వరసంతా ఖాళీ చేయించండి, ఇప్పుడే” అని ఆగ్నెల్లోతో అంది, గొంతు పెంచకుండా. తర్వాత సబతీనో వైపు తిరిగి, “దీన్ని ఎవరు పూయమన్నారు?” అంది.

“ఎవరూ కాదు. నేనే.”

“ఆయన మాట నమ్మకండి” అంది ఎర్సీలియా. పిండి పొగలో ఆమె మొహం సరిగ్గా కనపడలేదు. “ఆ రోజుల్లో మేయరు మా అన్నయ్య. ఈయన జన్మలో మాట కాదనలేకపోయిన మనిషి మా అన్నయ్య ఒక్కడే. రాసుకోండి, లీవియో అని.”

జనం కదిలారు. ఎవరి ఇంటికి వాళ్ళు పరుగెడుతుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు, కవలల తల్లి పేర్లు పెట్టి పిలుస్తోంది, ఎలీజియో పోస్టుమాస్టరుని కుర్చీతో సహా దింపడానికి మనుషుల్ని కేకేస్తున్నాడు. ఒకడు వెళ్తూ వెళ్తూ సబతీనో కాళ్ళ ముందు ఉమ్మేశాడు. యోలాందా ఆ బీటనీ, పక్కకి లాగిన బీరువానీ, అతన్నీ మార్చి మార్చి చూసింది, ఇరవై రెండేళ్ళు దాని ముందు నిలబడి పిండి కలిపింది, “ఛీ” అంది. సబతీనో సుత్తీ ఉలీ బల్ల మీద పెట్టాడు. రేపు వీళ్ళంతా ఎక్కడ పడుకుంటారు, కిటికీ తెరిస్తే ఏం కనిపిస్తుంది వాళ్ళకి.

ఎర్సీలియా పక్కకొచ్చి నిలబడింది. “ఇన్నేళ్ళూ గోడనేనా?”

“గోడనే.”

“ఒక్కసారి కూడా ఆవిడ వంక చూడలేదా?”

సబతీనో ఆలోచించాడు. అబద్ధాలకి ఇవాళ ఓపిక లేదు. “ఒకట్రెండుసార్లు చూశాననుకుంటా.”

“ఆ మాత్రం కూడా చూడకపోతే నువ్వేం మనిషివి” అంది ఎర్సీలియా. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది, చేతిసంచీ గోడ వారన పడేసింది. అవతల యోలాందా పిండి కలిపే చెక్కతొట్టిని ఒక్కతే ఈడవలేక ఈడుస్తోంది, అత్తగారి నుంచి వచ్చిన తొట్టి, ఇద్దరు మనుషుల పొడుగు. ఎర్సీలియా వెళ్ళి రెండో కొస పట్టుకుంది. యోలాందా ఒక్క క్షణం వదిలేద్దామా అన్నట్టు చూసి, వదల్లేదు. ఇద్దరూ గుమ్మంలో ఏటవాలుగా తిప్పి దాన్ని బయటికి దాటించారు. “నీవైపు కాస్త ఎత్తు” అని యోలాందా అనడం వినిపించింది. మెట్ల మొదట్లో ఆగి చేతులు మార్చుకున్నారు. సబతీనో బల్ల మీది రొట్టెల్ని గోనెసంచీలో వేసి భుజానికెత్తుకుని వాళ్ళ వెనకే ఎక్కడం మొదలుపెట్టాడు.